పాత ఇటుక, పాత టేకు అమ్మబడును

గుంటూరు పట్నం బజారు వెనక సందులో ఒక పాత గోడకి పోయిన నెల ఫ్లెక్సీ కట్టారు. "పాత ఇటుక, పాత టేకు, తలుపులు, కిటికీలు అమ్మబడును" అని, కింద రెండు ఫోన్ నంబర్లు. విజయవాడ నుంచి అమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆ సందులోంచే నడుస్తాను. ఆ రోజు నిమ్మకాయలకని బయల్దేరి, కొనకుండానే తిరిగొచ్చాను.

ఆ గోడ ఒక బ్యాంకుది. అంటే, మూడేళ్ళ కిందటి దాకా. తర్వాత బ్రాంచిని మెయిన్ రోడ్డు మీద అద్దాల కాంప్లెక్సులోకి మార్చారు. కింద మొబైల్ షోరూము, మధ్యలో బ్యాంకు, పైన కోచింగ్ సెంటరు. లిఫ్టు ఆగిన రోజు పెన్షనర్లు కోచింగ్ పిల్లలతో కలిసి మెట్లెక్కుతారు. ఏ బ్యాంకో చెప్పను. చెబితే గొడవంతా బ్యాంకు మీదికి పోతుంది. నాకు కావలసింది గోడ.

రెండంతస్తుల ఎర్ర ఇటుక భవనం. ముందువైపు పూత పూయలేదు, ఇటుక ఇటుకే కనబడుతుంది. అయిదు కమాన్లు, మధ్య కమాను కింద తలుపు, తలుపు దాకా ఏడు మెట్లు. కట్టిన ఏడాది చెక్కిన రాయి ఒకటుంది కానీ, దసరాకీ సంక్రాంతికీ దాని మీద సున్నం కొట్టీ కొట్టీ అంకెలు పూడుకుపోయాయి. దొరల కాలం నాటిదే, దొరలు కట్టించింది మాత్రం కాదు. పొగాకులో కలిసొచ్చిన ఒక కుటుంబం కట్టించి బ్యాంకుకి అద్దెకిచ్చింది. పైన ఏజెంటు దొర, అంటే అప్పటి బ్యాంకు మేనేజరు, కాపురం, కింద ఖజానా. డబ్బు మీద మనిషి పడుకోవాలన్నది ఆ రోజుల్లో బ్యాంకుల పద్ధతి.

ఫ్లెక్సీ ఫొటో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఎవరో పంపారు. గంటలో రెండు జట్లయ్యాయి. "అయ్యో, ఎంత అందమైన బిల్డింగో, ఎంత హెరిటేజో" అని ఒక జట్టు. వీళ్ళలో సగం మంది గుంటూరు వదిలి పాతికేళ్ళు. "తెల్లోడి బంగళా మీద అంత మోజెందుకు, కొత్తది రానివ్వండి" అని రెండో జట్టు. రెండు రోజులు చూసి, ఇద్దరికీ జవాబు రాద్దామని మొదలుపెట్టాను. గ్రూపులో పట్టేంత కాలేదు.

అందంగా ఉంది కాబట్టి ఉంచాలంటే నేను ఒప్పుకోను. తెల్లవాళ్ళది కాబట్టి పోనివ్వాలన్నా ఒప్పుకోను. లెక్క వేరే ఉంది, అది మా తాత చెప్పుల దగ్గర మొదలవుతుంది.

మా తాతది ప్రత్తిపాడు వైపు పల్లె. నాలుగెకరాలు, మిర్చి, కొంచెం పత్తి. ఏటా శ్రావణంలో, మిరప నారు నాటే ముందు, నానమ్మ మెడలో గొలుసూ చేతి గాజులూ గుడ్డ సంచీలో ఈ బ్యాంకుకొచ్చేవి. సరిగ్గా వరలక్ష్మీ వ్రతం రోజుల్లో మా నానమ్మ మెడలో పసుపుతాడు ఒక్కటే ఉండేది. పేరంటానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పేది. యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, అమ్ముడుపోయాక, ఉగాదికి కాస్త అటూ ఇటూగా బంగారం ఇంటికొచ్చేది. కొన్నేళ్ళు రాలేదు కూడా.

నాకు ఏడేళ్ళప్పుడో ఎనిమిదేళ్ళప్పుడో తాతతో పాటు వెళ్ళాను. నాలుగో మెట్టు మీద ఆగి చెప్పులు విడిచాడు. 

"ఇది గుడి కాదు కదా తాతా" అన్నాను. 

"గుళ్ళో సంతకం అడగరు కదమ్మా" అన్నాడు. 

లోపల గీటురాయి మీద గొలుసు గీసి చూసే కంసాలి ముందు కూర్చున్నప్పుడు, ఇత్తడి టోకెను చేతిలో పట్టుకుని నంబరు కోసం చెవి రిక్కించినప్పుడు, తాత నేను ఎరిగిన తాతలా లేడు. పొలంలో పదిమంది కూలీల మీద కేకలేసే మనిషి అక్కడ అటెండర్ని "అయ్యా" అని పిలిచాడు. బయటికొచ్చి, చెప్పులు తొడుక్కుని, చుట్ట వెలిగించాకే మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

ఆ భవనం కట్టింది సరిగ్గా అందుకే. ఏడు మెట్లూ మనిషిని కాస్త తగ్గించడానికి. మందం గోడలు, ఇనప చువ్వల కిటికీలు, తల పైకెత్తి చూడాల్సిన కప్పు, ఇవన్నీ చెప్పే మాట ఒకటే: ఈ డబ్బు ఎక్కడికీ పోదు. ఆ కాలంలో బ్యాంకుకి ఆ మాట చెప్పడానికి గోడ తప్ప వేరే నోరు లేదు. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినప్పుడు ప్రెసిడెన్సీ అంతటా ఎన్నో కుటుంబాలు దాచుకున్నదంతా పోగొట్టుకున్నాయి. ఆ దెబ్బ నుంచే మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఆ తర్వాత కూడా బ్యాంకులు మునుగుతూనే వచ్చాయి. డిపాజిట్లకి ఇన్సూరెన్స్ అన్నది మన దేశంలో 1962లో గానీ రాలేదు. అదీ మొదట్లో 1,500 రూపాయల వరకే. ఇప్పుడది 5 లక్షలు. అంటే ఈ ఇటుక గోడలు లేచిన నాటికి డిపాజిటుదారుడికి ఉన్న గ్యారంటీ అల్లా ఆ గోడ మందమే. ఇవాళ బ్యాంకు అద్దాల గదిలో ఉన్నా మనకి భయం లేదంటే, గోడ చేసే పనిని చట్టం అందుకుంది కాబట్టి.

మరి అంత గట్టి గోడ వెనక దాచిన డబ్బు ఎవరికి అప్పుగా వెళ్ళేది? పత్తి మిల్లులకి, పొగాకు కంపెనీలకి, ఎగుమతి వ్యాపారులకి. మా తాత లాంటి వాడికి కాదు. పల్లెల అప్పుల మీద సర్వే చేసిన గోర్‌వాలా కమిటీ 1951-52 లెక్కలు తీసి 1954లో చెప్పింది: రైతులు చేసే అప్పుల్లో బ్యాంకుల నుంచి వచ్చేది నూటికి రూపాయి కూడా లేదు, 0.9 శాతం. సహకార సంఘాల నుంచి 3.1. దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారుల దగ్గర్నుంచే. ఆ 70 శాతంలో మా ముత్తాత అప్పు కూడా ఉంది. వడ్డీ కింద పోయిన ఎకరం ఎక్కడుందో మా నాన్నకి ఇప్పటికీ తెలుసు. బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి చూపిస్తాడు.

దొరల బ్యాంకులు మన వైపు చూడవనే కదా భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. డాక్టరు, కాంగ్రెస్ మనిషి, పెద్ద భవనంతో మొదలుపెట్టినవాడేమీ కాదు. 1955లో ఇంపీరియల్ బ్యాంకుని స్టేట్ బ్యాంకుగా మార్చినప్పుడు అయిదేళ్ళలో 400 కొత్త బ్రాంచీలు తెరవాలని చట్టంలోనే షరతు పెట్టారు. 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఇంకో 6, ఆంధ్రా బ్యాంకుతో సహా, ప్రభుత్వం చేతికొచ్చాయి. వ్యవసాయానికి ఇంత శాతం ఇచ్చి తీరాలన్న లక్ష్యాలు వచ్చాయి. అప్పుడు గానీ ఆ ఏడు మెట్ల మీద మట్టి కాళ్ళు పడలేదు. మా తాత మొదటిసారి అవి ఎక్కింది 1970ల్లో.

ఇదీ నేను చెప్పే లెక్క. ఆ భవనంలో దొర కాపురం ఉన్నది పాతికేళ్ళు కూడా ఉండదు. మా తాత, ఆయన లాంటి వాళ్ళు బంగారం సంచీలు పట్టుకుని తిరిగింది దాదాపు యాభయ్యేళ్ళు. మెట్ల అంచులు అరిగిపోయి గిన్నెల్లా లోపలికి గుంటలు పడ్డాయి. ఆ గుంటలు ఏజెంటు దొర బూట్లు చేసినవి కావు. తెల్లోడి బంగళా అంటున్న మా బాబాయికి ఇదే చెప్పాను: బాబాయ్, మనల్ని రానివ్వనన్నాళ్ళూ అది నిలబడింది. మనకి అలవాటయ్యాక పడగొడుతున్నారు. దీనికి నీకు కోపం రావాలి, నాకు కాదు. బాబాయి బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఒప్పుకున్నట్టో, ఇక చాలన్నట్టో తెలియలేదు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు మనవాళ్ళు ఎంత బాధపడ్డారో గుర్తుంది. పేరైనా ఉంచమని అడగని వాళ్ళు లేరు. ఆ బాధ నాదీ. కానీ పేరు బోర్డు మీద ఉండేది, బోర్డు నాలుగు బోల్టులు విప్పితే దిగిపోతుంది. బోర్డు దిగిన రోజు ఏడ్చినవాళ్ళం, బోర్డు తగిలించిన గోడ పోతుంటే పాత ఇనుము లోడెక్కుతున్నట్టు చూస్తున్నాం.

సరే, గోడ సంగతికొస్తాను. ఇక్కడ కాస్త ఆగక తప్పదు, ఎందుకంటే ఆ భవనాన్ని ఖాళీ చేసేటప్పుడు చెప్పిన కారణం "గోడలు పాడైపోయాయి" అన్నది. పాడైన మాట నిజమే. ఎవరు పాడు చేశారన్నది ఎవరూ అడగలేదు.

మా అమ్మ ఇంటి పెరటి గోడ బాగుచేయడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. డెబ్బై దాటిన తాపీ మేస్త్రీ, చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర సున్నం పని నేర్చుకున్నవాడు. ఆయన్ని బ్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక వైపు ఇటుక పెచ్చులూడిపోయి, కొన్ని చోట్ల పిండిలా రాలుతోంది. తెల్లగా ఉప్పు పొంగింది. వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం చెక్కు చెదరకుండా, ఎముకల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆయన జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఒక సిమెంటు గీతని గోకాడు, రాలేదు. పక్కనున్న ఇటుకని గోకాడు, ఎర్రగా రాలింది.

"సిమెంటు గట్టిదేనమ్మా. ఇటుక కంటే గట్టిది. అదే చిక్కు" అన్నాడు. నాకు అర్థం కాలేదని మొహం చూసి గ్రహించాడేమో, "చెప్పు కాలి కంటే మెత్తగా ఉండాలి. గట్టిగా ఉంటే కరిచేది కాలినే కదా" అన్నాడు.

తర్వాత చదివి తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటకి వ్యాఖ్యానమే. పాత ఇటుక మెత్తనిది, నేల నుంచి చెమ్మ పీలుస్తుంది. సున్నం కూడా మెత్తనిదే. పీల్చిన చెమ్మ సున్నం సందుల్లోంచి గాలికి ఆరిపోతుంది, పాడైతే ముందు సున్నమే పాడవుతుంది. అది గోకేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. గోడ బతకడానికి సున్నం తాను అరుగుతుంది. ఆ సందుల్లో సిమెంటు కూరితే చెమ్మకి దారి మూసుకుపోతుంది. అది ఇటుకలోంచే బయటపడాలి, వస్తూ వస్తూ ఉప్పుని మోసుకొస్తుంది, ఆ ఉప్పు ఇటుక లోపలే గట్టిపడి పెచ్చుల్ని పగలగొడుతుంది. పైగా గుంటూరు చుట్టుపక్కల ఎక్కడ చూసినా నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెరలు విచ్చుతుంది. పునాది కాస్త కదిలినప్పుడు సున్నం సందు సర్దుకుంటుంది. సిమెంటు సందు సర్దుకోదు, చీలుతుంది.

అంటే ఎవరో ఎప్పుడో మంచి చేద్దామనే చేశారు. టెండరు పిలిచారు, ఇటుక సందులు పూడ్చే పాయింటింగ్ అన్నారు, సిమెంటు బస్తాలు దింపారు. ఎస్టిమేటులో సున్నం అన్న మాట ఎవరికీ రాయడం రాదు. గుంటూరంతా ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో మనది కాదా పిడుగురాళ్ళ? దేశమంతటికీ సున్నం పంపే ఊరు, బట్టీలు వరసగా పొగలు కక్కుతూ రైల్లోంచే కనబడతాయి. ఇప్పుడది పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది గానీ దూరం పెరగలేదు. సున్నం పక్కనే పెట్టుకుని, సున్నపు గోడకి సిమెంటు పూసి, గోడ బాగాలేదన్నాం.

మేస్త్రీ మిద్దె మీదికి కూడా ఎక్కాడు. నన్ను ఎక్కొద్దన్నాడు, నేనూ ఎక్కాను. పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో బిగిస్తారు, దాని మీద ఇటుక జల్లి సున్నంలో కలిపి పోసి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. "మా అమ్మ కొట్టేది. మధ్యాన్నం బెల్లం నీళ్ళు మాకూ కాసిని పోసేది" అని నవ్వాడు. ఆ బెల్లం ఎస్టిమేటులో ఉండేదో లేదో. ఒక మూల రావి మొక్క మొలిచి వేళ్ళు కమాను దాకా దిగాయి. మిగతా కప్పు గట్టిగానే ఉంది. దూలాలు ఒక్కటీ పుచ్చలేదు.

రోహిణీ కార్తెలో తాతతో ఆ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు ఒళ్ళంతా చల్లబడేది. ఏసీ లేదు, పొడుగు కడ్డీలకి వేలాడే ఫ్యాన్లు మాత్రం తిరిగేవి. మూరెడు మందం గోడలోంచి మధ్యాహ్నపు ఎండ లోపలికొచ్చేసరికి బ్యాంకు కట్టేసే వేళయ్యేది. ఇప్పటి అద్దాల బ్రాంచిలో కరెంటు పోతే పది నిమిషాల్లో చొక్కాలు తడుస్తాయి. ఆ అద్దం పడమటి వైపు పెట్టినవాడెవరో నాకు తెలీదు. అతను మే నెలలో గుంటూరు వచ్చి ఉండడు.

ఇంతా చెప్పి, భవనం సొంతదారుడి దగ్గరికి వెళ్ళకపోతే న్యాయం కాదు. వెళ్ళాను. ఫ్లెక్సీ మీద నంబరుకే ఫోన్ చేశాను, ఇటుకలు కొంటానేమో అనుకుని వెంటనే రమ్మన్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. కాఫీ ఇప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"మేడమ్, మేం తొమ్మిది వాటాలం. ఇద్దరు అమెరికాలో, ముగ్గురు హైదరాబాదులో. బ్యాంకు ఇచ్చే అద్దెలో నా వాటాకి వచ్చేది మా ఇంటి పాల బిల్లుకి సరిపోయేది. రిపేరు మీరే చేయించుకోండని వాళ్ళు, మీరే చేయించాలని మేము, ఇలా ఇరవయ్యేళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామంది వచ్చారు. ఆ రావి మొక్క పీకడానికి ఒక్కళ్ళు వచ్చారా?"

నా దగ్గర జవాబు లేదు. ఫొటో తీసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంకో సంగతి ఆయనే చెప్పాడు. పడగొట్టే కాంట్రాక్టరుకి వీళ్ళు డబ్బివ్వరు, కాంట్రాక్టరే వీళ్ళకి ఇస్తాడు. దూలాలు బర్మా టేకు. ఇటుకలు సున్నంలో కట్టినవి కాబట్టి ఒక దెబ్బకి విడివడి శుభ్రంగా వచ్చేస్తాయి, రిసార్టులకీ కాఫీ షాపులకీ "పాత లుక్కు" కోసం లోడ్ల లెక్కన అమ్ముడుపోతాయి. సిమెంటుతో కట్టిన ఇల్లు పడగొడితే చెత్త మిగులుతుంది. సున్నంతో కట్టినది పడగొడితే సరుకు మిగులుతుంది. గోడకున్న మంచి గుణమే గోడకి ఉరి. ఇది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది, కానీ చాలాసేపు మెలకువగా ఉన్నాను.

నిజానికి ఇటుకని ఇటుక కోసం తవ్వుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1790ల చివర అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు దిబ్బ తవ్వింది కట్టడాలకి రాయీ ఇటుకా కావాలనే. సర్వేయరు మెకంజీ దొర వచ్చి చూసేనాటికి స్తూపం ఎంత చెదిరిందో లోకానికి తెలుసు. భట్టిప్రోలులో ఇంకా ఘోరం. ఇంగ్లీషు ఇంజనీర్లే ఆ స్తూపం ఇటుకని రోడ్డుకి, పాలరాళ్ళని వెల్లటూరు దగ్గర కాలువ తూముకి వాడేశారు. మిగిలిన దాంట్లోంచి 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే అక్షరాలు చెక్కిన ధాతు భరిణెలు తీశాడు. దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. ఆ ఇటుక ఒక్కోటి ఇప్పటి దానికి రెండింతలు పొడవు. వాటిని పెకిలించినవాళ్ళు దుర్మార్గులు కారు. ఎదురుగా కాల్చి పెట్టిన ఇటుక దిబ్బలు దిబ్బలుగా కనబడుతుంటే, బట్టీ ఎవడు పెడతాడు? మా తొమ్మిది వాటాల పెద్దమనిషి కూడా అదే లెక్క వేస్తున్నాడు. తప్పు పట్టడం తేలిక, లెక్క మార్చడమే కష్టం.

రక్షిత కట్టడంగా ప్రకటించమని అడగొచ్చుగా అంటారు. ఢిల్లీ వాళ్ళ 1958 చట్టం కింద నూరేళ్ళు దాటితే చాలు, అడగొచ్చు. కానీ 2010లో చేసిన సవరణ ప్రకారం అలాంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టుబడి నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతులు. పట్నం బజారులో 100 మీటర్లంటే ఎన్ని కొట్లు, ఎన్ని కాపురాలు! మేడ మీద గది వేసుకోవాలనుకునే ప్రతివాడూ ఆ భవనాన్ని తిట్టుకుంటాడు. ఊరు పగబట్టిన గోడ ఎన్నాళ్ళుంటుంది? నాకది వద్దు.

మ్యూజియం కూడా వద్దు. బెజవాడ బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ మ్యూజియం ఉంది కదా, 1887లో పునాది వేసినది. 1921లో కాంగ్రెస్ సమావేశాలు జరిగి, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించిన చోటు. ఇప్పుడు చిత్రకారుడు బాపు పేరు మీద బాపు మ్యూజియం. అది మ్యూజియం కావడం సబబే, మొదట కట్టిందే ప్రదర్శనల కోసం. కానీ పట్నం బజారు బ్యాంకులో గాంధీ అడుగుపెట్టలేదు. మా తాత అడుగుపెట్టాడు, అదీ చెప్పులు విడిచి. దాన్ని మ్యూజియం చేస్తే అద్దాల పెట్టెలో ఇత్తడి టోకెను పెట్టి, ముట్టుకోవద్దని రాస్తారు.

బ్యాంకు బ్యాంకుగానే ఉండొచ్చు. చెన్నై రాజాజీ సాలైలో పాత మద్రాసు బ్యాంకు భవనం చూడండి. 1897 నాటి ఎర్ర ఇటుక, గుమ్మటాలు, అన్నీ ఉన్నాయి. ఇప్పటికీ అది స్టేట్ బ్యాంకు బ్రాంచే. జనం లోపలికెళ్ళి చలాన్లు కట్టి వస్తారు. మద్రాసుకి కుదిరింది గుంటూరుకెందుకు కుదరదంటే, పెద్ద ఊళ్ళో బ్యాంకు తన సొంత భవనంలో ఉంది, ఇక్కడ అద్దెకుంది. తేడా అంతే. అద్దెలో మరమ్మతు ఎవరిదన్న చోటే మా గోడ చెడింది.

కాబట్టి నేను అడిగేది పెద్ద విషయం కాదు. ప్రభుత్వ బ్యాంకు ఒక పాత భవనంలో ఉంటే, అద్దె ఒప్పందంలో మరమ్మతు వాటా రాయాలి, ఎస్టిమేటులో సిమెంటు కొట్టేసి సున్నం అని రాయాలి. రోడ్డు వెడల్పుకి స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ బాండ్లు ఇస్తున్నారు, అంటే వేరే చోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రాలు. పైన అంతస్తులు వేసుకోకుండా పాత గోడ నిలిపేవాడికి కూడా ఆ లాభం కాగితం మీద కాకుండా చేతికి చేరాలి. తొమ్మిది వాటాలకీ ఆ డబ్బు కాంట్రాక్టరు ఇచ్చే దానికి దరిదాపుల్లోకి రావాలి. రాకపోతే నా వ్యాసాలు ఎవరికీ అన్నం పెట్టవు.

"ఇప్పుడంతా ఫోన్‌లోనే కదా, బ్యాంకుకి బిల్డింగెందుకు?" అని మా మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్నే. డబ్బు పంపడం, బ్యాలెన్సు చూడడం, కరెంటు బిల్లు, ఇవన్నీ ఫోన్ లాక్కుంది. ఫోన్ లాక్కోలేనివి ఏం మిగిలాయో ఒకసారి అద్దాల బ్రాంచికెళ్ళి గంటసేపు కూర్చుని చూశాను. బంగారం తూకం వేయించుకునేవాళ్ళు. లాకరు తెరిచేవాళ్ళు. వేలిముద్ర పడక, పెన్షన్ కోసం బతికే ఉన్నామని చూపించడానికి స్వయంగా వచ్చిన ముసలివాళ్ళు. అంటే మా తాత లాంటివాళ్ళే, మా తాత చేసిన పనులే. వీళ్ళకి కావలసింది చల్లని హాలు, కూర్చోవడానికి బల్ల, నేల అంతస్తు. పాత భవనంలో మొదటి రెండూ ఉన్నాయి.

మూడోది లేదు, ఏడు మెట్లున్నాయి. ఆ మెట్లని నేను వెనకేసుకురాను. పక్క గుమ్మానికి వాలు దారి కట్టాల్సిందే, అందులో వాదన లేదు. స్ట్రాంగ్ రూముకి కాంక్రీటు గోడలు కావాలంటే హాలు మధ్యలో పెట్టెలా కట్టుకోవచ్చు, పాత గోడని తాకక్కర్లేదు. వైరింగ్ మొత్తం మార్చాలి, అది మాత్రం ఖర్చే. ఆ ఖర్చు అద్దాల కాంప్లెక్సు అద్దెతో పోల్చి చూడమని ఎవరినైనా అడగాలని ఉంది. ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే రెండు నెలలు పట్టేలా ఉంది.

ఇది రాసి పెట్టి వారం ఆగాను. ఫ్లెక్సీ అలాగే ఉంది. ముందువైపు కిటికీ రెక్కలు రెండు మాత్రం లేవు, ఎవరో కొనుక్కుపోయారు.

నిన్న సొంతదారుడు ఫోన్ చేశాడు. 

"మేడమ్, ఆ రోజు మీతో పాటు మిద్దెక్కిన సున్నం మేస్త్రీ నంబరు ఒకసారి పంపిస్తారా?" 

గోడ బాగుచేయించడానికో, ఇటుకలు పగలకుండా విప్పించడానికో నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయమేసింది. నంబరు పంపాను.